కిరాయి ఇల్లు, ఒకటో తారీకు, మన కులం

(ఖమ్మంలో అంబేడ్కర్ జయంతి సందర్భంగా కిరాయి ఇళ్ళలో ఉండే ఉద్యోగులు, కూలీలు, విద్యార్థుల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే ఇస్తున్నాం.)



జయంతి గదా, చదువు గురించి మాట్లాడు మాస్టారూ అన్నారు మనవాళ్ళు. చదువు గురించి ప్రతి ఏప్రిల్‌లో మాట్లాడుతూనే ఉన్నాం. చదువుకున్నాం, ఉద్యోగం వచ్చింది, ఊళ్ళోంచి పట్నం వచ్చాం. వచ్చి ఎక్కడ దిగాం? ఎవడింట్లో దిగాం? అక్కడ మనకేం జరిగింది? అది ఎవరం మాట్లాడుకోం. సిగ్గు. ఇల్లు ఖాళీ చేయించిన సంగతి పక్కింటోడికి కూడా చెప్పకుండా తెల్లారేసరికి ట్రాలీ ఆటోలో సామానేసుకుని పోతాం. అందుకే ఇవాళ నేను కిరాయి ఇంటి గురించే మాట్లాడతాను.

బాబాసాహెబ్ జీవితంలోంచే మొదలుపెడతాను. 1917లో ఆయన అమెరికా, లండన్ చదువులు చదివి బరోడా సంస్థానంలో కొలువుకొచ్చాడు. గైక్వాడ్ మహారాజు డబ్బుతో చదివిన మనిషి, మహారాజు కొలువుకే వచ్చాడు. ఉండటానికి ఊళ్ళో ఇల్లు దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో, రోజుకు రూపాయిన్నర ఇచ్చే ఏర్పాటు మీద, పార్శీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజున పార్శీలు కర్రలు పట్టుకుని గుంపుగా వచ్చి నువ్వెవరివని నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణి అడిగాడు, ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగాడు. ఇద్దరి దగ్గరా దారి దొరకలేదు. అంత చదువు చదివినాయన ఒక పార్కులో కూర్చుని గంటలు లెక్కపెట్టుకుని రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయాడు. ఇది ఆయనే రాసుకున్నాడు. ఆయనకు దొరికిన గడువు కొన్ని గంటలు. మనకిప్పుడు చట్టంలో పదిహేను రోజులుంది. నూరేళ్ళలో మనం సంపాదించింది ఇంతేనా అని నవ్వకండి. ఆ పదిహేను రోజుల సంగతి కూడా మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. తెలియక ఏం పోగొట్టుకున్నానో చెప్తాను.

2004. నాకు ఉద్యోగమొచ్చిన కొత్త. మా నాయన జీతానికుండేవాడు. ఉగాది నుంచి ఉగాదికి మాట్లాడుకునేవాడు. ఏడాది మధ్యలో ఆయన మానటానికి లేదు, ఆసామి మాన్పించాలనుకుంటే మాత్రం ఎవరూ అడ్డం లేరు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇదే ఖమ్మంలో రెండు గదుల పోర్షన్, నెలకు 900 కిరాయి, రెండు నెలల అడ్వాన్సు. ఇంటాయన ఇంటిపేరు అడిగాడు. మా ఇంటిపేరు వాళ్ళల్లో కూడా ఉంది. ఆయన ఏమనుకున్నాడో అనుకున్నాడు, నేను సర్దలేదు. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఆరు నెలలు మాస్టారుగారూ, మాస్టారుగారూ అన్నాడు. పండక్కి బొబ్బట్లు పంపించారు.

ఏడో నెలలో మా అమ్మ వచ్చింది. మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతా ఉంటే ఇంటావిడ వచ్చి, ఏ ఊరమ్మా, ఏ బజారు మీది అని అడిగింది. మా అమ్మకు ఇంటిపేర్ల తెలివి ఎక్కడుంది? మాదిగ బజారమ్మా అని చెప్పింది. ఎంత మామూలుగా చెప్పిందంటే, కోమట్ల బజారు అన్నట్టే చెప్పింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆ మెట్లు తడిగా ఉన్నాయి. ఎవరో బకెట్లు కుమ్మరించి కడిగారు.

ఆ రాత్రే ఇంటాయన వచ్చాడు. "మాస్టారూ, మా తమ్ముడోళ్ళు వస్తున్నారు. ఒకటో తారీకుకల్లా చూసుకోండి" అన్నాడు. గారు పోయింది, గమనించండి. ఆ రోజు తారీకు 22. నేను అలాగేనండీ అన్నాను. అంతకంటే ఏమనాలో నాకు తెలియలేదు. బడిలో పిల్లలకు ప్రాథమిక హక్కులు చెప్పేవాణ్ణి నేనే. అడ్వాన్సులో ఒక నెల సున్నాలకని కోసుకున్నాడు. వారం తిరక్కుండా అదే గేటుకు టులెట్ బోర్డు వేలాడింది. తమ్ముడూ రాలేదు, ఎవరూ రాలేదు.

మా అమ్మ ఏమందో తెలుసా? "నేను రాకపోతే ఉండేవాడివి గదా బిడ్డా" అంది. ఆ తర్వాత నేను ఏ ఇంటికి మారినా, వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే ఆగి, "ఈడ ఏమని చెప్పాల్రా?" అని అడిగేది. చచ్చిపోయేదాకా అడిగింది.

సరే. ఇప్పుడు చట్టానికొద్దాం.

ఆస్తి బదిలీ చట్టం అని ఒకటుంది, 1882 నాటిది, తెల్లదొరలు చేసింది. అందులో 106 సెక్షన్ ఏమంటుందంటే, మీ మధ్య వేరే రాతకోత గానీ, వేరే చట్టం గానీ లేనప్పుడు, వ్యవసాయానికీ, వస్తువులు తయారుచేసే పనికీ ఇచ్చిన కౌలు ఏడాదికేడాది లెక్క. రద్దు చెయ్యాలంటే ఆరు నెలల నోటీసు ఇవ్వాలి. మిగతా దేనికిచ్చినా నెలకు నెల లెక్క. పదిహేను రోజుల నోటీసు చాలు. వినండి. పొలానికి ఆరు నెలలు, ఫ్యాక్టరీకి ఆరు నెలలు. పెళ్ళాం పిల్లలతో మనిషి కాపురముండే ఇంటికి పదిహేను రోజులు. ఆ చట్టం రాసినవాళ్ళకు పంట కోతకొచ్చేదాకా ఆగాలన్న జ్ఞానం ఉంది, పిల్లాడి పరీక్షలయ్యేదాకా ఆగాలన్న జ్ఞానం లేదు.

కాబట్టి మీ దగ్గర కాగితం ఉన్నా లేకపోయినా, నెలనెలా కిరాయి ఇచ్చి ఉంటున్నారంటే మీకొక హక్కుంది. నోటితో అనుకున్నా అది ఒప్పందమే. అది ఒకటో తారీకు రాగానే దానంతటది చచ్చిపోదు. ఎవరో ఒకరు నోటీసు ఇచ్చేదాకా నడుస్తానే ఉంటుంది. ఇంటాయన ఇవ్వాలన్నా, మీరు పోవాలన్నా, పదిహేను రోజులే. నోటిమాట నోటీసు కాదు. రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, మీకు అందాలి. అందిన రోజు నుంచే పదిహేను లెక్క. పాతరోజుల్లో నోటీసు గడువు సరిగ్గా కిరాయి నెల చివరికి ముగియాలని ఉండేది, ఒక్క రోజు తేడా వచ్చినా ఇంటి యజమాని కేసు పోయేది. ఆ మెలిక 2002 డిసెంబరు సవరణతో తీసేశారు. నాకు 22న నోటితో చెప్పి ఒకటికి పొమ్మన్నాడంటే అందులో నోటీసూ లేదు, పదిహేను రోజులూ లేవు.

ఇక పదకొండు నెలల కాగితం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటారు చూడండి, దాని కథేంటంటే, ఏడాది దాటిన కౌలు రిజిస్టరు చేయించాలని దేశంలో చట్టం. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు కనిపెట్టారు. మన దగ్గర 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి ఎన్ని నెలల లీజైనా రిజిస్టరు చెయ్యాల్సిందే అన్నారు. అయినా పదకొండు నెలల అలవాటు మాత్రం పోలేదు. రిజిస్టరు కాని ఆ కాగితం కోర్టులో గడువు చూపించడానికి నిలబడదు, మళ్ళీ నెలనెలా లెక్కకే వస్తారు. పదకొండు నెలలూ అయిపోయాక ఇంటాయన పన్నెండో నెల కిరాయి తీసుకున్నాడా, అప్పుడూ నెలనెలా లెక్కే. మరి ఆ కాగితం పనికిరాదా అంటే, పనికొస్తుంది. ఎవరు, ఏ ఇల్లు, ఎంత అడ్వాన్సు అన్నదానికి అది మీ చేతిలో ఉన్న ఆనవాలు. ఒక జిరాక్సు దాచుకోండి. ఇంటాయన దగ్గర ఒకటే ఉంచుకుంటానంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెలనెలా లెక్కలో ప్రమాదం పదిహేను రోజుల్లో లేదు. కారణం చెప్పక్కర్లేకపోవడంలో ఉంది. 106 సెక్షన్ నోటీసులో ఎందుకు పొమ్మంటున్నానో రాయనక్కర్లేదు. ఆ రాయనక్కర్లేని ఖాళీలోనే కులం కూర్చుని ఉంది. నువ్వు మాదిగవని పొమ్మంటున్నా అని ఏ ఇంటాయనా అనడు. తమ్ముడోళ్ళు వస్తున్నారంటాడు, రిపేరంటాడు, వాస్తు బాగాలేదంటాడు.

దీనికి అడ్డుకట్ట ఏదన్నా ఉందా? ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. తెలంగాణలో అదే చట్టం పేరు మార్చుకుని నడుస్తోంది. ఆ చట్టం కిందకొచ్చే ఇంట్లో ఉన్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే యజమాని రెంట్ కంట్రోలర్ ముందు కారణం చెప్పాలి, చెప్పి రుజువు చెయ్యాలి. కావాలని కిరాయి ఎగ్గొట్టాడనో, ఇల్లు పాడుచేశాడనో, నాకే ఉండటానికి కావాలనో. మా ఇంటాయన తన తమ్ముణ్ణి కోర్టుకు తెచ్చి చూపించాల్సి వచ్చేది. అప్పటి పరిమితి నెలకు 1000 రూపాయలు. నేను కట్టింది 900. ఇల్లు పాతది. అంటే నేను ఆ చట్టం గొడుగు కిందే నిలబడి, గొడుగుందని తెలియక తడిసిపోయాను.

2005లో ఆ పరిమితి మార్చారు. కార్పొరేషన్ పట్నాల్లో నెల అద్దె 3500 దాటినా, మిగతా చోట్ల 2000 దాటినా ఆ చట్టం వర్తించదు. కట్టి పదిహేనేళ్ళు కాని ఇంటికీ వర్తించదు. ఖమ్మం 2012లో కార్పొరేషన్ అయింది, కాబట్టి మనకు 3500. ఇవాళ ఈ ఊళ్ళో బాత్రూం ఉన్న రెండు గదులు 3500కు ఎక్కడ దొరుకుతాయో ఎవరన్నా చూపించండి. కిరాయిలు పెరిగినయ్, చట్టంలో అంకె అక్కడే ఆగిపోయింది. ఎవరూ దాన్ని రద్దు చెయ్యలేదు, ఎవరూ ధర్నా చెయ్యలేదు, అది నిశ్శబ్దంగా మన కిందనుంచి జారిపోయింది. గ్రానైటు పనిచేసే తమ్ముళ్ళు, హమాలీ అన్నలు ఒంటిగదుల్లో ఉంటారు గదా, 2500, 3000 కిరాయికి. మీకు మాత్రం అది ఇంకా వర్తించవచ్చు. ఇంటి వయసు కనుక్కోండి.

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. రాతకోత తప్పనిసరి, కాపురానికిచ్చే ఇంటికి అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దు అంది. మంచిదే. కానీ గడువు అయ్యాక కూడా ఉంటే మొదటి రెండు నెలలు రెండింతల అద్దె, ఆ తర్వాత నాలుగింతలు అని కూడా రాసుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలు. అందులో కులం పేరుతో ఇల్లు ఇవ్వననడం నేరం అన్న ముక్క కోసం వెతికాను. కనపడలేదు.

అయితే ఆ ముక్క వేరేచోట ఉంది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం తియ్యండి. ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడానికీ, సంపాదించుకోవడానికీ, అందులో ఉండటానికీ అస్పృశ్యత పేరుతో అడ్డుపడితే నేరం అని నాలుగో సెక్షన్‌లో ఉంది. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా. ఇంకో మాట పన్నెండో సెక్షన్‌లో ఉంది. బాధితుడు షెడ్యూల్డు కులస్తుడైతే, అస్పృశ్యత వల్లే చేశాడని కోర్టు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. అదే చట్టం బహిష్కరణ అంటే ఏంటో చెప్తూ, ఇల్లు అద్దెకివ్వననడాన్ని కూడా అందులో చేర్చింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, మనల్ని ఇల్లు గానీ, ఊరు గానీ బలవంతంగా వదిలిపోయేలా చెయ్యడం నేరం. చుండూరు, కారంచేడు లాంటి ఊళ్ళకే ఆ చట్టమనుకుంటాం మనం. పట్నంలో రెండు గదుల పోర్షన్ కూడా ఇల్లే.

కేసు పెట్టినంత మాత్రాన అన్నీ తేలిపోతాయని నేను చెప్పటం లేదు. మెట్లు కడిగిన నీళ్ళు పొద్దున్నేకల్లా ఆరిపోతాయి, సాక్ష్యం మిగలదు. పక్క పోర్షనోడు వచ్చి చెప్పడు, వాడికీ ఒకటో తారీకు ఉంది. 2015లో ఢిల్లీ చుట్టుపక్కల పట్నాల మీద సుఖదేవ్ తోరట్ గారు, ఆయన తోటివాళ్ళు పరిశోధన అచ్చు వేశారు. దళిత, ముస్లిం పేర్లతో ఇల్లడిగితే ఎలా కాదంటారో ఫోన్లు చేసి, మనుషుల్ని పంపించి రాబట్టారు. అంత పెద్ద పట్నంలోనూ అదే ప్రశ్న. మన దగ్గర మీరేమిట్లు అంటారు, ఆదివారం ఎక్కడికెళ్తారు అంటారు, మాంసం తింటారా, పెద్దకూర తింటారా అంటారు. గేటు మీద శాకాహారులకు మాత్రమే అని రాస్తారు. అది తిండి గురించి అని ఇంకా ఎవరన్నా నమ్ముతున్నారా?

ఇక మనం చెయ్యగలిగింది. కిరాయి ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి, అది అడుక్కోవటం కాదు, 1960 చట్టం ఇచ్చిన హక్కు. రసీదు ఇవ్వనంటే ఫోన్‌పేలో పంపి, పలానా నెల ఇంటి కిరాయి అని రాయండి. చేతికి ఇవ్వకండి. చేతికిచ్చిన కిరాయికి గోడలే సాక్ష్యం, ఆ గోడలు ఆయనవి. ఖాళీ చేయించాలనుకున్నవాడు మొదట చేసే పని కిరాయి తీసుకోకపోవడం. తర్వాత చూద్దాంలే అంటాడు, మనం డబ్బులు మిగిలాయని సంబరపడతాం. మూడు నెలలయ్యాక ఎగ్గొట్టాడని కేసు. అలాంటప్పుడు మనియార్డరు చెయ్యండి. అదీ తిప్పి పంపితే, అద్దె నియంత్రణ కిందకొచ్చే ఇల్లయితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ కట్టే వీలుంది.

అడ్వాన్సు గురించి ఒక కేసు చెప్తాను. గూడూరులో మోడరన్ హోటల్ వాళ్ళ కేసు, 1989లో సుప్రీంకోర్టు తీర్పు. ఈ 1960 చట్టం ప్రకారం నెల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అంతకు మించిన అడ్వాన్సు యజమాని దగ్గర పెట్టుకుని, బాకీ దానికి సరిపోతుంటే, కిరాయి ఎగ్గొట్టాడని ఖాళీ చేయించడం కుదరదు అంది కోర్టు. ఆ హోటలోళ్ళకు వకీలుండబట్టి గెలిచారు. మనకూ ఉన్నారు. ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు.

నోటీసు ఇచ్చి పదిహేను రోజులు గడిచినా సరే, ఇంటాయన సామాను బయటపడేయడానికి వీల్లేదు, తాళం వెయ్యడానికి వీల్లేదు. కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకోవాలి. బలవంతంగా వెళ్ళగొడితే ఆరు నెలల లోపు దావా వేసి మళ్ళీ స్వాధీనం అడగవచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, మిమ్మల్ని చట్టప్రకారం కాకుండా వెళ్ళగొట్టారా లేదా అన్నదే ప్రశ్న. నీళ్ళ మోటారు ఆపడం, కరెంటు తీసెయ్యడం కూడా అద్దె నియంత్రణ చట్టం ఒప్పుకోదు.

ఒక మాట మనలో మనం కూడా చెప్పుకోవాలి. మనవాళ్ళల్లో ఇవాళ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళున్నారు. బ్యాంకు లోను పెట్టి కింద మనముండి పైన రెండు పోర్షన్లు వేశాం. నాకూ ఒక పోర్షనుంది. కిరాయి కోసం వచ్చినోణ్ణి మనం ఏం అడుగుతున్నాం? మాల ఇంటాయన మాదిగకు ఇవ్వడు, మాదిగ ఇంటాయన మాలకు ఇవ్వడు, ఇద్దరూ కలిసి ముస్లింకు ఇవ్వరు. కాదని ఎవరన్నా అనండి, నేను కూర్చుంటాను. నా పోర్షన్‌లో ఉన్నాయన ఒకసారి ఐదు నెలలు కిరాయి ఇవ్వలేదు. లోను కిస్తీ నెలనెలా నేను కట్టాలి. రాత్రిపూట ఆయన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వింటుంటే ఫ్యూజు పీకెయ్యాలనిపించింది. పీకుదామని లేచాను కూడా. మా ఆవిడ ఏమీ అనలేదు, నా వంక చూసింది అంతే. పొద్దున్నే తెల్లకాగితం మీద నోటీసు రాశాను. చట్టం అడక్కపోయినా కారణం రాశాను, ఐదు నెలల బాకీ అని అంకెతో సహా. ఆయన మూడు విడతలుగా కట్టి, ఆర్నెల్లకు వేరే ఊరెళ్ళాడు. వెళ్తే నాకు దిగులేసింది, అది వేరే సంగతి. కిరాయి మీదే బతికే ముసలావిడలు కూడా ఉంటారు, ఆ పక్షం లేదని నేననను. కానీ కారణం రాయాలి. కారణం రాయలేని చోటే ఏదో దాచిపెడుతున్నాం.

3500 అంకె మార్చమని, ఏ కిరాయికైనా కారణం లేకుండా ఖాళీ చేయించొద్దని కలెక్టరు గారికిచ్చే వినతిపత్రం రాసి తెచ్చాను. సంతకాలు పెట్టండి. మీ పేరు పెట్టడానికి భయమైతే, భయమెందుకో నాకు తెలుసు, పెట్టకపోయినా ఏమీ అనుకోను. రసీదు పుస్తకాలు అచ్చు వేయించాం, బల్ల మీద ఉన్నాయి, పుస్తకం పది రూపాయలు. మీదే కులం అని ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగారో, ఏమన్నారో తారీకుతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. నీళ్ళ మోటారు ఆపారని చెప్పిన తమ్ముడూ, నువ్వు వెళ్ళిపోకు. ఆరింటికి వకీలుగారొస్తున్నారు, నీ ఫోన్‌పే లెక్కలన్నీ తీసి పెట్టుకో.